పాసైన చెవులు

కదలకూడదు. ఊపిరి కూడా గట్టిగా తీయకూడదు. పాప నుదుటి మీద ఒకటి, రెండు చెవుల వెనక చెరొకటి అంటించిన బిళ్ళల నుంచి సన్నటి వైర్లు బయల్దేరి, కాటాల మేస్త్రి మోచేతి మీదుగా పాకి, బల్ల మీదున్న యంత్రంలోకి దూరాయి. పాప నిద్రపోతున్నంతసేపే పరీక్ష. మధ్యలో లేచిందా, పొద్దున్నించీ పడ్డ పాట్లన్నీ బూడిదలో పోసిన పన్నీరే. ఒళ్ళో పడుకోబెట్టుకున్నవాళ్ళు కదిలినా తెర మీద గీత చెదిరిపోతుందని పరీక్ష చేసే అమ్మాయి ముందే చెప్పింది. అందుకని మేస్త్రి బిగుసుకుని కూర్చున్నాడు, ఎడమ తొడ తిమ్మిరెక్కుతున్నా, ముక్కు మీద దురద పుడుతున్నా. ముక్కు దురదకు మహా తెలివి, చేతులు ఖాళీ లేనప్పుడే వస్తుంది. నిజానికి ఈ కుర్చీలో కూర్చోవలసింది అతని భార్య. అనుమానం ఆమెది, ఈ ఆసుపత్రి వెతికి పట్టుకున్నది ఆమె, రానని మొండికేసిన మొగుణ్ణి బయల్దేరదీసిందీ ఆమే. కానీ మెట్లెక్కుతుంటే పిల్ల తండ్రి భుజం మీద నిద్రపోయింది, చేతులు మారిస్తే లేస్తుందేమోనని భయపడి ఆమె బయట బెంచీ మీదే ఆగిపోయింది. తలుపు మూసుకునే ముందు ఆమె అతని వైపు చూసిన చూపులో కోపం లేదు. కోపం ఉంటే బాగుండేది, కోపానికి అతని దగ్గర ఎప్పుడూ రెండు మాటలు సిద్ధంగా ఉంటాయి.

గది గోడలకు మెత్తటి పలకలు బిగించారు. మాట ఆ గోడకు తగిలి తిరిగి రాదు, అక్కడే కూలబడిపోతుంది. ఇంత నిశ్శబ్దం అతనికి అలవాటు లేదు. ఇంటి ముందుగదే అతని కొట్టు, పొద్దున షట్టరు ఎత్తిన దగ్గర్నుంచి ఇనుప తూకం రాళ్ళు ఒకదాని మీద ఒకటి పడే చప్పుడు, బేరాలు, తగాదాలు. కూరగాయల బండి మీది తక్కెడ నుంచి నగల దుకాణంలో గాజుపెట్టెలో కూర్చునే, ముట్టుకుంటే కందిపోయే కాటా దాకా, తూకం తప్పిందంటే అతని దగ్గరికే రావాలి. ఆ వీధిలో అతన్ని పేరు పెట్టి పిలిచేవాళ్ళు లేరు. అతనికో సొంత సామెత కూడా ఉంది, వచ్చినవాళ్ళందరికీ అడక్కుండానే వడ్డిస్తాడు, మనిషి మాట మీద అనుమానమొస్తే కాటాకి పెట్టు, కాటా చెప్పాక నోరు మూసుకో, అని. కొట్టుకొచ్చిన వాళ్ళకు చెప్పాడు, తోడల్లుడికి చెప్పాడు, భార్యకైతే లెక్కలేనన్నిసార్లు చెప్పాడు. మొదటి పరీక్ష నుంచి తిరిగొస్తూ ఆటోలో కూడా ఇదే చెప్పాడు. ఆమె పిల్లను ఒళ్ళో పెట్టుకుని రోడ్డు వైపు చూస్తూ కూర్చుంది, యంత్రం చెప్పాక ఇంకేమంటుందిలే అనుకున్నాడు.

ఆ మొదటి పరీక్ష. అది గుర్తొస్తే వెన్నెముక దగ్గర ఏదో కుదించుకుపోతుంది, కానీ ఇప్పుడు కుదించుకోవడానికి కూడా లేదు, వైర్లున్నాయి. పిల్లకు మూడో ఏడు నడుస్తోంది అప్పుడు. పుట్టగానే ప్రసూతి వార్డు అదిరిపోయేలా ఏడ్చిందని నాయనమ్మ దాన్ని పిడుగు అంది, ఆ పేరే ఖాయమైంది. పిడుగుకి మాటలు రాలేదు. మా ఇంట్లో అందరికీ ఆలస్యమే, వచ్చాక ఆపడం కష్టం అని మేస్త్రి తల్లి ధైర్యం చెప్పింది, కొడుకును చూపించి మరీ చెప్పింది. కానీ పిలిస్తే పలకదు, పలికినా అడిగింది ఒకటైతే చేసేది ఇంకొకటి, గ్లాసు తెమ్మంటే చెప్పు తెస్తుంది. భార్య పోరు పడలేక దగ్గర్లోని చెవుల క్లినిక్కుకు తీసుకెళ్ళాడు. అక్కడి టెక్నీషియన్ పాప సమస్య ఏమిటని అడిగాడు. భార్య నోరు తెరిచేలోపే, అవును, తెరిచేలోపే, చెప్పడానికి ఆమె దగ్గర ఎన్నో ఉన్నాయి, చీర కొంగు వేలికి చుట్టుకుంటూ మాట కూడగట్టుకుంటోంది, ఆలోపే మేస్త్రి అందుకున్నాడు.

“మాట వినదండీ. అంతా వాళ్ళమ్మ పోలిక.”

టెక్నీషియన్ నవ్వాడు. మా ఇంట్లోనూ అంతే సార్ అన్నాడు. ఇద్దరు మగవాళ్ళు కాసేపు నవ్వుకున్నారు, పిల్ల ఒకసారి ఈ నోరు, ఒకసారి ఆ నోరు చూసి తనూ నవ్వింది. ఆ తర్వాత టెక్నీషియన్ దాని చెవిలో చిన్న రబ్బరు మొగ్గలాంటిది పెట్టాడు. అందులోంచి టిక్కుటిక్కుమని చప్పుడు లోపలికి వెళ్తుందట, లోపల చెవి బాగుంటే అది కూడా తిరిగి సన్నటి చప్పుడు చేస్తుందట, మనకు వినపడనంత సన్నగా, దాన్ని యంత్రం పట్టుకుంటుందట. చెవి చప్పుడు చేయడమేమిటని మేస్త్రి నోరు వెళ్ళబెట్టాడు. పరీక్షకు ఎంతోసేపు పట్టలేదు. పిల్లను ఏమీ అడగలేదు, పిల్ల ఏమీ చెప్పనక్కర్లేదు, అదే అతనికి మహా నచ్చింది, కాటాలో పెట్టిన బెల్లాన్ని నీ బరువెంత అని ఎవరైనా అడుగుతారా. తెర మీద పచ్చగా వెలిగింది. రెండు చెవులూ పాస్ సార్, అన్నాడు టెక్నీషియన్. ఆ సాయంత్రం మేస్త్రి వీధిలో కనిపించినవాళ్ళందరికీ చెప్పాడు, మా పిడుగుకి నోటికి మాట రాకపోయినా చెవులు మాట్లాడతాయి అని. తోడల్లుడి కొడుకు పసివాడిగా ఉన్నప్పుడు ఇదే పరీక్షలో ఫెయిలైతే ఇంటిల్లిపాదీ అన్నాలు మానేసి ఏడ్చారు, తీరా చూస్తే జలుబు చేసి చెవి లోపల నీరు పట్టింది, జలుబు తగ్గాక పాసైపోయాడు. కాబట్టి ఫెయిలంటే అనుమానించాలని అందరికీ తెలుసు. పాసైనదాన్ని అనుమానించమని ఎవరూ చెప్పలేదు. ఒకరు చెప్పారు, ఇంట్లోనే ఉంటారు, రోజూ రెండు పూటలా అన్నం పెడతారు.

పాసయ్యాకే మొదలైంది అదంతా. అంతకు ముందు పిలిస్తే పలక్కపోతే పోనీలే పసిదనుకునేవాడు. పాసయ్యాక పసితనం పోయి పొగరు వచ్చింది, పిల్లకు కాదు, పిల్ల గురించి అతను వాడే మాటలోకి వచ్చింది. పక్కగదిలో బిస్కెట్ పొట్లం విప్పితే పరిగెత్తుకుంటూ వస్తుంది కదా, షట్టరు దభాలున పడితే ఉలిక్కిపడుతుంది కదా, మరి నాన్న పిలుపు మాత్రం వినపడదా అని భార్యను నిలదీశాడు. పెడచెవిన పెడుతోంది అన్నాడు. పెడచెవి అన్న మాట నోటికి రాగానే చెయ్యి దానంతటదే చెవి మీదికి వెళ్ళింది కాబోలు. చెవి మెలేశాడు. గట్టిగా కాదు. గట్టిగా కాదని అనుకున్నవాడు అతను, చెవి మాత్రం దానిది. గురిగింజ తేడా వచ్చినా కాటా వెనక్కి పంపే మనిషి ఇది మాత్రం ఎప్పుడూ తూచలేదు. పిల్ల ఏడ్చేది కాదు, అతని ముఖంలోకి చూసేది, పెదవుల వైపు చూసేది, ఎందుకు మెలేస్తున్నాడో అక్కడ రాసి ఉందేమో అన్నట్టు. ఆ చూపుకు అతనికి ఇంకా మండేది, చూడు ఎలా కళ్ళల్లోకి చూస్తోందో, జంకూ గొంకూ లేకుండా, అనేవాడు. కొన్నాళ్ళకు పిల్లకు అలవాటైపోయింది. అతను ఒకటికి రెండుసార్లు నోరు కదిపాడంటే, ఆ కదపడంలో పళ్ళు కనిపించాయంటే, మూడోసారి దాకా ఆగకుండా తనే దగ్గరికొచ్చి, కళ్ళు గట్టిగా మూసుకుని, మెడ ఎత్తి చెవి ఇచ్చేది. ఒకరోజు చుట్టాలు వచ్చినప్పుడు అలాగే ఇస్తే అందరూ పగలబడి నవ్వారు. దీనికి మాత్రం మాట వింటుందిరోయ్ అన్నాడు మేస్త్రి బావ. మేస్త్రి కూడా నవ్వాడు. నవ్వి ఊరుకోలేదు. అప్పుడే వచ్చిన పెద్దమ్మ చూడలేదంటే, ఆమె కోసం మళ్ళీ ఒకసారి కళ్ళెర్రజేసి, మళ్ళీ ఒకసారి చెవి ఇప్పించాడు.

దేవుడా, పాప కదిలింది. లేదు, పెదవులు చప్పరించింది అంతే. తెర ముందు కూర్చున్న అమ్మాయి చెయ్యెత్తి, ఆగి, మళ్ళీ దించింది. గీత ఒకటి నెమ్మదిగా తెర మీద పాకుతోంది, గీత కింద ఇంకో గీత. మేస్త్రికి అవేమిటో తెలియదు, కానీ చదును ఏదో గుట్ట ఏదో తెలియనివాడు కాదు, సగం వయసు కాటాల తెరల ముందే గడిపాడు. గుట్టలు రావాలి, నిద్రపోతున్నా సరే చప్పుడు చెవి దాటి తలలోకి చేరుతుంటే గుట్టలు గుట్టలుగా వస్తాయి, అని ఆ అమ్మాయి మొదట్లోనే చెప్పింది. అంతకు ముందు పాత పరీక్షే మళ్ళీ చేసింది, అదే రబ్బరు మొగ్గ, అదే టిక్కుటిక్కు. మళ్ళీ పాస్. రెండు చెవులూ. ఆ క్షణం, ఆ ఒక్క క్షణం, మేస్త్రి ముఖం వెలిగిపోయింది, తల తలుపు వైపు తిరిగింది, బయట బెంచీ మీదున్న మనిషికి వినపడేలా చెప్పేద్దామన్నంత ఆత్రం, చూశావా, నేను చెప్పలేదూ. పిల్ల చెవులు బాగున్నాయన్న సంతోషం కాదది. ఆ సంగతి అతనికి అప్పుడే తెలిసింది, తెలిసినా ముఖం వెంటనే ఆరలేదు, ఫ్యాను స్విచ్చి ఆపాక కూడా రెక్కలు తిరుగుతున్నట్టు ఆ వెలుగు కాసేపు అలాగే ఉండిపోయింది. ఆ వెలుగును చూసి ఆ అమ్మాయి నెమ్మదిగా చెప్పింది.

“ఇది చెవి పని చేస్తోందో లేదో అన్నదే చెబుతుందండీ. పాప వింటోందో లేదో చెప్పదు.”

“రెండూ ఒకటే కదా మేడమ్?”

“కాదండీ. చెవి చప్పుడు అందుకుంటుంది. అందుకున్నది పైకి వెళ్ళే దారిలో చెదిరిపోతే, పాపకి చప్పుడు తెలుస్తుంది, మాట తెలియదు. అలా కొంతమంది పిల్లలకే ఉంటుంది. ఈ రెండో పరీక్ష దానికే.”

చప్పుడు తెలుస్తుంది, మాట తెలియదు. పొట్లం, షట్టరు, అవునవును. మాట వినదండీ. ఎంత ఖచ్చితంగా చెప్పాడు ఆ రోజు, డాక్టర్లు కూడా అంత పొందిగ్గా చెప్పలేరు, చెప్పి నవ్వాడు. యంత్రం అబద్ధం చెప్పలేదు. అడిగినదానికి జవాబు చెప్పింది, చెవీ, ఉన్నావా అంటే ఉన్నానంది. పిల్లా, నీకు మేం చెప్పేది తెలుస్తోందా అని ఎవరూ అడగలేదు. అడగకుండా పిల్ల జవాబు కూడా చెవి చేతే చెప్పించేశారు. వినదు, వినపడదు. తేడా రెండక్షరాలు. ఆ రెండక్షరాల మధ్య ఎన్నిసార్లు మెలేశాడో. పైగా ఇలాంటి కాటాలు అతనికి కొత్తా? పళ్ళెం బరువును సరిగ్గానే అందుకుంటుంది, తెర చక్కగా వెలుగుతుంది, రెండింటికీ మధ్యనున్న వైరును ఎలుక కొరికి ఉంటుంది, అంకె నిలవకుండా గంతులేస్తుంది, మూడు కిలోలంటుంది, ముప్పావంటుంది. గ్లాసంటే చెప్పంటుంది. అలాంటివాటిని ఎన్నిటిని విప్పి చూశాడు, ఎంత ఓపిగ్గా, కళ్ళద్దాలు ముక్కు మీదికి జార్చుకుని. పళ్ళెం ఒక్కటే నొక్కి చూసి కాటా బాగుందని ఏ రోజూ ఎవరికీ అప్పజెప్పలేదు. ఏ కాటానూ పొగరుబోతని తిట్టలేదు.

భార్య చూసింది. ఆమెకు ఏ యంత్రమూ లేదు, చెయ్యి ఉంది. మొన్నొకరోజు చెయ్యి నోటికి అడ్డం పెట్టుకుని పిల్లను చెంచా తెమ్మంది. రోజూ తెచ్చే చెంచాయే. పిల్ల చెయ్యి వైపు చూసింది, కళ్ళ వైపు చూసింది, పక్కకు వంగి చెయ్యి వెనకాల ఏముందోనని చూడబోయింది. చెయ్యి తీసి మళ్ళీ అడిగితే వెంటనే తెచ్చింది. రెండు మూడుసార్లు అలాగే చేసి, మొగుణ్ణి పిలిచి చూపించింది. చూసి అతనేమన్నాడు? నువ్వు డాక్టరువా అన్నాడు. నోరు మూసుకుని మాట్లాడితే నాకూ అర్థం కాదన్నాడు. ఆమె మర్నాడు వెళ్ళి ఈ ఆసుపత్రిలో పేరు రాయించి వచ్చింది. ఎప్పుడూ ఇంతే, తను వాగుతాడు, ఆమె చేస్తుంది. ఇదుగో ఇప్పుడు కూడా లోపల కూర్చుని ఏం చేస్తున్నాడు? గుట్టలు రావాలి, గుట్టలు రావాలి అని లోలోపల జపం చేస్తున్నాడు. ఎవరి కోసం? పిల్ల కోసమే, ఇంకెవరి కోసం. నిజమా? గుట్టలు వస్తే పిల్ల మొండిదే, అతని చెయ్యి చేసింది న్యాయమే. రాకపోతే ఏ పాపమూ తెలియని పిల్లను... ఏది కావాలో తూచుకోమంటే ముల్లు ఎటు మొగ్గిందో అతనికి స్పష్టంగా కనపడింది. కన్నకూతురు మొండిదైతే బాగుండునని మొక్కుకుంటున్నాడు, తను మంచివాడు కావడానికి. సిగ్గు చెవుల దాకా పాకింది, చెవులు వేడెక్కాయి, తన చెవులు, ఎవరూ ఎప్పుడూ మెలేయని చెవులు. జపం ఆపేశాడు. ఆపాక ఏం కోరుకోవాలో తెలియలేదు.

ఇవాళ పొద్దున కూడా తెలిసింది అతనికి. తెలియలేదని ఇంక అబద్ధమెందుకు. ఇక్కడికొచ్చే వేళకు పిల్ల నిద్రపోవాలంటే తెల్లవారకముందే లేపి ఆడించమన్నారు. ఆ పని తనే తీసుకున్నాడు. నడిమి గదిలో అతని తల్లి నిద్రపోతోంది, లేచిందంటే సణుగుడు, అందుకని నోరెత్తకుండా పిల్లను కొట్లోకి తీసుకొచ్చి దీపం వేశాడు. మాట లేకుండా ఆట. పెద్ద కాటా మీద నిలబడమని చేత్తో చూపించాడు, నిలబడింది. ఒంటికాలి మీద నిలబడితే బరువు తగ్గుతుందేమో చూద్దామా అని కళ్ళతోనే అడిగాడు, నిలబడి చూసింది, తగ్గకపోతే తెర వంక అనుమానంగా చూసింది, అచ్చం అతని చూపే. వేళ్ళు కొంచెం విడదీసి చిన్న రాయి అడిగితే చిన్నది, చేతులు చాపి పెద్ద రాయి అడిగితే, రొప్పుతూ రెండు చేతులా మోసుకుంటూ, పెద్దది. ఏది అడిగితే అది. ఒక్కటీ తప్పలేదు. ఇంత మాట వినే పిల్లను అతను తన జన్మలో చూడలేదు. కానీ మనిషి మొండివాడు కదా, ఆసుపత్రిలో యంత్రం ఏమంటుందో చూద్దామనుకున్నాడు.

ఏడుపు వస్తోంది. ఇప్పుడు కాదు. ఏడుపు భుజాల్లోంచి మొదలవుతుంది, భుజం కదిలితే మోచెయ్యి కదులుతుంది, మోచెయ్యి కదిలితే వైర్లు. పిల్ల తల మోచేతి వంపులో వెచ్చగా ఉంది, చెమటకు జుట్టు నుదుటికి అంటుకుంది, నోరు కొంచెం తెరిచి నిద్రపోతోంది. ఎడమ చెవి పైకి ఉంది. ఇంత దగ్గరగా, ఇంతసేపు ఆ చెవిని అతను ఎప్పుడూ చూడలేదు. చూసిన ప్రతిసారీ వేళ్ళ మధ్య ఉండేది. లోపలికి తిరిగిన ఆ ముడతలూ, అంచున సన్నటి నూగూ, ఏ వంకా లేని చెవి, పాసైన చెవి. ఇప్పుడు కూడా అది లోపల ఆ సన్నటి చప్పుడు చేస్తోందేమో, పిలిస్తే పలుకుతోందేమో, నేను ఇక్కడే ఉన్నానని. పిల్ల పలకలేదని ఆ చెవిని పట్టుకున్నాడు, పలికినదాన్ని పట్టుకున్నాడు. పళ్ళు బిగబట్టాడు. ఈ గంటలో పిల్లకు అతను చేయగలిగింది కదలకుండా ఉండటం ఒక్కటే, అదైనా సరిగ్గా చేద్దామని చూశాడు.

“అయిపోయిందండీ,” అంది ఆ అమ్మాయి చివరికి, ఇంకా తెర వైపే చూస్తూ. డాక్టరుగారు కూర్చోబెట్టి అన్నీ వివరంగా చెబుతారని, పాప అమ్మగారిని కూడా పిలుద్దామని చెప్పింది. మేస్త్రి, గుట్టలు లేవు కదా మేడమ్ అని అడిగాడు. ఆమె అటూ ఇటూ తిప్పలేదు, లేవండీ అంది. పాపకి నేర్పే దారులు ఉన్నాయని, కళ్ళతో బాగా పట్టుకునే పిల్లలు తొందరగా అందుకుంటారని చెప్పింది. తను మిగతావి చూసుకునే లోపు బిళ్ళలు ఒక్కొక్కటీ మెల్లగా తీయమంది, చర్మం లాగకుండా.

మేస్త్రి తిమ్మిరెక్కిన చెయ్యి జాగ్రత్తగా ఎత్తి, ఎడమ చెవి వెనకున్న బిళ్ళ కోసం వేళ్ళు చాపాడు. వేళ్ళు తగలగానే పిల్ల కళ్ళు తెరిచింది. కొత్త గది, మసక వెలుతురు, పైన నాన్న ముఖం, చెవి దగ్గర నాన్న చెయ్యి. ఉలిక్కిపడలేదు, ఏడవలేదు. నిద్రలో ఏదో తప్పు చేసి ఉంటాననుకుంది కాబోలు, కళ్ళు గట్టిగా మూసుకుని, మెడ కొంచెం ఎత్తి, చెవి అతని వేళ్ళకు అందేలా పెట్టింది. అతని వేళ్ళు అలాగే ఆగిపోయాయి. పిల్ల కాసేపు ఎదురుచూసింది. ఏమీ జరగకపోయేసరికి ఒక కన్ను తెరిచి చూసి, ఇది కాదేమోననుకుని, తల అటు తిప్పి రెండో చెవి ఇచ్చింది.

వద్దు తల్లీ అని చెప్పాలి. చెప్పడానికి అతని దగ్గర మాట తప్ప ఏమీ లేదు. ఇంతసేపూ ఆపుకున్నది భుజాల్లోంచి మోచేతిలోకి దిగింది, తెర మీద గీతలన్నీ ఒక్కసారిగా ఎగిరిపడ్డాయి. ఆ అమ్మాయి తెర వంక చూసింది, అతని వంక చూసింది, చెయ్యి చాపి యంత్రం ఆపేసింది.

“పరీక్ష అయిపోయిందండీ,” అంది, “ఇప్పుడు కదిలినా ఫర్లేదు.”